జర జరుగుండ్రి

మంగళవారం రాత్రి, తార్నాక

నగరాల మధ్య కొత్త రైళ్లు నడుపుతామని అనుమతి అడుగుతున్న ప్రైవేటు కంపెనీ ఇవాళ మా యూనివర్సిటీకి వచ్చింది. రైల్లో ప్రయాణికులను చూసుకునే ఉద్యోగాలట. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒక్కటే. ఎవరిదో సీటు అంచున, సీటు దొరకని ముసలామె కూర్చుంటే ఏం చేస్తావు?

"'జర జరుగుండ్రి, కాజీపేటల దిగుతది' అని చెప్తా సార్," అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు, రైలెక్కితే మేమంతా అనే మాటే.

ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వాడు. "మా రైల్ల అట్ల నడవదమ్మా. మళ్ల చెప్పు."

"లేపుతా సార్."

తీసుకున్నారు. అనుమతి రాగానే చేరాలట. ఆ అనుమతి రావాలనే ఉంది నాకు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. కూర్చున్న ఒక పెద్దమ్మ నన్ను చూసి పక్కకు జరిగింది. "గీడ కూసో బిడ్డా, సదురుకుందాం."

తార్నాక దాకా నిలబడే వచ్చాను.