అత్తమ్మ తాగిన నా టీ

తిరువొత్తియూరు, 1994, శుక్రవారం రాత్రి.

నావి కోడిగీతలు, తప్పులుంటే క్షమించాలి. నేను చదివింది ఐదో తరగతే.

ఈ ఇంట్లో టీ అంటే పాలలోనే ఆకు, బోలెడు చక్కెర వేసి కాస్తారు. నాకేమో నీళ్లలో అల్లం, ఆకు నల్లగా మరిగాక చివర్లో కాసిని పాలు చాలు, చక్కెర వద్దు. ఇవాళ అత్తమ్మకు జలుబని నేనే రెండు రకాలూ కాచి, పొరపాటున నా గ్లాసు ఆమెకిచ్చాను.

"ఏందే ఇది, కషాయమా?" అంటూనే మొత్తం తాగేసింది. అది నాకోసం కాచుకున్నదని చెబితే, "రెండేండ్లుగా మా పాయసం ఎట్ల మింగినావే? నోరు తెరిచి చెప్పేదానికేమి?"

"మీదీ బాగుంటాది అత్తమ్మా" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. రోజూ సగం గ్లాసు తూములో పారబోసేదాన్నని ఇప్పుడెలా చెప్పను? ఈ పేజీ ఎవరికైనా దొరికితే, దయచేసి పొయ్యిలో వేసేయండి.