తెల్లకొండ వెనక్కి వెళ్లిన పావియా

చిరంజీవి అమాలీకి,

అక్క దీవెనలు. ప్రభువు దయవల్ల నాన్న, సాబినె అత్త, నేను కులాసా. ఆసుపత్రిలో నువ్వూ పసివాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు పోయిన వారం ఒక పొద్దుటి సంగతి రాస్తాను. పొయ్యి మీద కాఫీ కాగుతోంది. నాన్న కిటికీ పక్కన ఎండుచేప చీలుస్తున్నాడు. మన తమ్ముడు పావియా బయట కుక్కల్ని మంచుబండికి కడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ప్రార్థన మొదలుపెట్టాను.

"తొందరగా కానియ్యక్కా, కుక్కలకి ఆమెన్ దాకా ఓపిక లేదు" అన్నాడు.

"నీకుందేమిట్రా?" అన్నాడు నాన్న లోపల్నించి.

తెల్లకొండ శిఖరం తేటగా ఉంది. దాని వెనక సీలు జంతువులు మంచు మీదికి ఎక్కాయని, వేటాడి ఎల్లుండికి వస్తానని వెళ్లాడు.

నువ్వడిగిన వాటికి జవాబు. చర్చి కప్పు బాగుచేశారు. నాన్న చూపు అలాగే మసగ్గా ఉంది. పసివాడికి సీలుతోలు బూట్లు కుడుతున్నాను. ఇక పసివాడికి ఏం పేరు పెట్టాలన్న సంగతి. "పావియా కలలో వచ్చి నా గుమ్మంలో కూర్చుని దాహమన్నాడు, బతికున్నవాడికి ఇదేం సరదా?" అని నవ్వుతూ రాశావు. ఆ ముక్క మొదట ఇంట్లో ఎవరికీ చదివి వినిపించలేకపోయాను.

అమాలీ, పావియా ఇంకా రాలేదు. వాడు వెళ్లాక వేడిగాలి వీచింది. కొండ మీది మంచు జారి, కింద సముద్రపు మంచు పగిలింది. కుక్కలు మాత్రమే తిరిగొచ్చాయి. వెతకబోయినవాళ్లని పగుళ్లు సగం దారిలోనే ఆపేశాయి.

ఈ సాయంత్రం నీ కల చెప్పేశాను.

అత్త ఏడ్చింది. "పోయినవాళ్లేగా పేరు కోరి, దాహమంటూ వచ్చేది! పిల్లాడికి పావియా అని పెట్టమను. పేరు లేకుండా వాణ్ని చలిలో నిలబెట్టకండి."

నాన్న కుక్కల్ని బండికి కట్టిన పట్టీలు తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. "తడిమి చూడక్కా. తెగినవి కావు, కత్తితో కోసినవి. కుక్కల్ని వాడే వదిలాడు."

"అప్పుడు బతికున్నాడు సరే. ఇప్పుడో?"

"తెల్లారి నేనే వెళ్లి చూస్తా."

"నీకు కుక్క తోకే కనబడదు కదరా!"

"నాకు కనబడకపోతేనేం, దారి కుక్కలకి తెలుసు."

చివరికి అనుకున్నదిది. తెల్లారి నాన్నతో పొరుగువాళ్లూ ఆ కుక్కల్నే కట్టుకుని వెళ్తారు. కబురు వచ్చేదాకా పసివాడికి ఏ పేరూ వద్దు, బాప్తిస్మం ఆపించు. పావియా మళ్లీ కలలో వచ్చి అడిగితే నీళ్లివ్వకు. ఇంటికెళ్లి తాగమను. అత్త కూడా దీనికి ఒప్పుకుంది.

ఇట్లు,
మీ ఇద్దరి పెద్దక్క,
బెబియానె