చెరువు గట్టు మీద రికార్డింగ్

జూన్ 2, ఏలూరు
కొత్త రికార్డర్ వచ్చింది. మైకు కాలవ వైపు తిప్పి, హెడ్‌ఫోన్స్ ప్రసన్న చెవులకు పెట్టాను. అవతలి గట్టున ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటుంటే ప్రతి మాటా పక్కనే ఉన్నట్టు వినపడుతోందట. పడీపడీ నవ్వింది. తర్వాత, నీ పాట ఎప్పటికి పూర్తవుతుంది తేజా అని అడిగింది. పాట అయ్యాకే పెళ్లి అన్నది నేనే. ఆ మాట అని నాలుగేళ్లయింది. ఇంకా పల్లవి దగ్గరే ఉన్నాను.

జూన్ 5
పల్లవి మళ్లీ చెరిపేశాను.

జూన్ 8
రేపు ఆదివారం కలిదిండిలో ప్రసన్న వాళ్ల చెరువులో చేపల పట్టుబడి. వాళ్ల నాన్న వెంకట్రాజు గారు నన్ను రమ్మన్నారట. తాంబూలాల సంగతి ఆయనే ఎత్తుతారు, నువ్వు సరేనంటే చాలు అంది. ప్రసన్నంటే నాకు ప్రాణం. అయినా భయమేసింది. రికార్డర్ ఛార్జింగ్ పెట్టాను.

జూన్ 9, ఆదివారం
కూలీలు వల లాగుతున్నారు. పక్క రొయ్యల చెరువులో గాలి కోసం నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. అబ్బ, ఏం తాళం! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు అటు పట్టాను. వెంకట్రాజు గారు కొబ్బరిబొండం తెచ్చి పక్కన నిలబడ్డారు. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుందామా బాబూ అన్నారు.

వినపడింది. మామూలు చెవులకంటే బాగా వినపడింది. నేను నీళ్లకేసి చూస్తూ వేళ్లతో తాళం వేస్తూ ఉండిపోయాను.

ఆయన మళ్లీ అడగబోతే ప్రసన్నే ఆపింది. ఆయనకి వినపడలేదు నాన్నగారూ, రండి అంది. పెద్దాయన పాపం నమ్మేశారు. బొండం నా పక్కన పెట్టి మరీ వెళ్లారు.

జూన్ 10
ప్రసన్న ఫోన్ ఎత్తట్లేదు.

జూన్ 12
తను పనిచేసే బ్యాంకుకే వెళ్లాను. ఇన్నాళ్లూ నువ్వు అన్న మనిషి కౌంటర్ అవతల నుంచి మీరు అంది. వద్దనుకుంటే వద్దని చెప్పచ్చు కదండీ, మా నాన్నగారి ముందు ఆ నటన ఎందుకండీ అని అడిగింది. వెనకాల లైన్లో ఉన్నాయన జరగమన్నాడు. జరిగాను.

ఆగస్టు 18
ప్రసన్నకి తాంబూలాలు అయ్యాయి. అబ్బాయిది తాడేపల్లిగూడెం. ఏడ్చాను.

ఆగస్టు 24
పాట పూర్తయింది. బాగానే వచ్చింది. ఎవరికీ వినిపించలేదు.

ఆగస్టు 25
చెరువు ఫైల్ పెట్టుకున్నాను. వెంకట్రాజు గారు అడిగాక కాస్త ఖాళీ ఉంది. ఏరియేటర్లు తప్ప ఏమీ లేదు. వెనక్కి తిప్పి, ఆ ఖాళీలో సరేనండీ అని పైకే అన్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆయనకి వినపడలేదు నాన్నగారూ, రండి అంది ప్రసన్న.