గది కోసం చెప్పిన పేరు

12 జూన్ 2003, గురువారం
బెంగళూరు

గది దొరికింది. కానీ స్థిమితంగా లేదు.

డిగ్రీ అయిన వెంటనే ఉద్యోగం వచ్చిందని సంబరపడ్డాను. సోమవారం చేరాలి. మూడు రోజులుగా నాయనా నేనూ వీధివీధీ తిరిగాం. చాలా చోట్ల అడ్వాన్సు ఎంతో వినగానే వెనక్కి తిరిగాం. మాకు అందే బాడుగకు దొరికింది ఈ మేడ మీది గది ఒక్కటే.

ఇంటావిడది హిందూపురం. తాళంచెవి ఇవ్వకుండా, "పాప పేరేమప్పా? మాంసం తింటారా మీరు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే నాయన అన్నాడు. "లేదమ్మా, ముట్టం. పాప పేరు లక్ష్మి."

కళ్యాణదుర్గం చర్చిలో నాకు మేరీ అని పేరు పెట్టించింది ఆయనే. నేను కాదనలేదు. తాళంచెవి తీసుకున్నాను.

బస్టాండులో, "ఎందుకు నాయనా అట్ల చెప్పినావు?" అని అడిగాను.

"నిన్న రెండిండ్లల్లో నీ పేరు ఇనంగానే గది లేదనిరి కదమ్మా. ఈ ఊర్లో యాడ పండుకుంటావు?" అన్నాడు, నా ముఖం చూడకుండా. ఆ తర్వాత ఊరికి బస్సెక్కాడు.

సాయంత్రం ఇంటావిడ, "లక్ష్మీ, నీళ్లొచ్చినాయి, పట్టుకో" అని కింద నుంచి పిలిచింది. రెండోసారి పిలిచేదాకా అది నన్నేనని తట్టలేదు. బిందె తనే పైకి తెచ్చి ఇచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. అందుకే ఇంకా భయంగా ఉంది.

ఆఫీసు కాగితాలు ఈ చిరునామాకే వస్తాయి. కవరు మీద నా పేరే ఉంటుంది. అది రాకముందే, రేపు పొద్దున నేనే ఆవిడకు చెప్పాలి.

బ్యాగు ఇంకా విప్పలేదు.