మంది పిల్ల

జులై 2
ర్యాంకులొచ్చాయి. శ్రావ్యది మంచి ర్యాంకు. నాది... సీటైతే వస్తుంది. మేడ మీద కిరాయికుండే శ్రావ్య వాళ్లింటి నుంచి పాయసం దిగింది. అమ్మ రెండుసార్లు తింది. "మంది పిల్లలు ఎట్ల చదువుతున్నరో చూడు" అంది, నా వైపు చూడకుండానే. నేను ముట్టలేదు. కుళ్లు. అవును, కుళ్లే.

జులై 4
మంది పిల్లలంటే ఎంతమంది ఆంటీ అని శ్రావ్య అమ్మను అడిగింది. వాళ్ల గుంటూరు తెలుగులో మందికి ముందు లెక్క ఉండాలి — పదిమంది, వందమంది. మా ఇంట్లో మంది అంటే పరాయివాళ్లు. అమ్మ పడీపడీ నవ్వింది. నా మాటకు ఎప్పుడైనా అలా నవ్విందా?

జులై 7
ఆరాంఘర్ దాటాక ఉన్న పెద్ద కాలేజీ చూడటానికి బాపుతో వెళ్లాను. వరసగా బస్సులు. క్యాంటీన్ దగ్గర జాతర. బాపుకు బెంగ — "గింత మందిల నిన్నెవరు పట్టించుకుంటరు బిడ్డా?"
నాకు కావలసింది అదే. ఆరో తరగతి నుంచి నేను శ్రావ్య ఫ్రెండ్‌ని. టీచర్లకు ముందు తన పేరు, ఆ తర్వాతే నాది. ఇక్కడ పోల్చేవాళ్లుండరు. తనెలాగూ ఇంటి దగ్గర చిన్న కాలేజీకే పోతానంటోంది. హాయి.

జులై 8
వెబ్ ఆప్షన్లు పెట్టాను. పెద్దది మొదట, చిన్నది తర్వాత. కడుపునిండా తిన్నాను.

జులై 10
కొంప మునిగింది. శ్రావ్య ఆప్షన్లు మార్చేసింది. తనకూ ఇప్పుడు పెద్దదే మొదటిది. నువ్వక్కడుంటే నేనిక్కడేం చేస్తానే అంది. నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.
అమ్మకు పండగ. "ఇగ పరేషాన్ లేదు. శ్రావ్య మంది పిల్లనా ఏంది, మన పిల్లనే." సొంత కూతురిని కాబట్టి నా గురించి ఆ మాట అనక్కర్లేదేమో. అయినా మండింది.

జులై 11
వారం తిరిగేసరికి ఆ కాలేజీలో అందరికీ తను తెలుస్తుంది. నేను మళ్లీ పక్కన.

జులై 12
మెట్ల మీద కూర్చున్నాం. అంతమందిని తలుచుకుంటే తనకు భయమేస్తోందట. "నువ్వుంటావు కాబట్టే ధైర్యం లావణ్యా. నీలా ఉండాలనిపిస్తుంది నాకు."
నాలా. తనకు. జాలి వేయలేదు, సంతోషమేసింది. సిగ్గు కూడా పడలేదు.
నీ మొదటి ఆప్షన్ మార్చవుగా అంది. నెత్తి మీద విమానం మోత పోయేదాకా ఆగి మళ్లీ అడిగింది. మార్చనన్నాను.

జులై 13
రేపటితో గడువు ఆఖరు. ఆప్షన్లలో చిన్న కాలేజీని పైకి తెచ్చాను. ఇంకా సేవ్ చేయలేదు. చెబితే తనూ మారుస్తుంది. చెప్పకపోతే అంతమందిలో ఒక్కతే... ఆ చిన్న కాలేజీ నాకసలు ఇష్టమే లేదు. ఇష్టమైనది తనకు వదిలేసి నేను గెలిచేదేంటి? అయినా వేలు బటన్ మీదే ఉంది.
పైనుంచి పిలుస్తోంది. ఇద్దరికీ ఒకే రంగు బ్యాగులు కొన్నదట. చూడటానికి రమ్మంటోంది.