జామచెట్టుకు రైహాన్ కాపలా

శాలిబండ, ఆదివారం

బాపుకు దండాలు. ఫోనులో నీకు సగమే వినబడుతుందని కార్డు రాస్తున్నాను. నువ్వు అంటు కట్టి ఇచ్చిన జామచెట్టును కొట్టేయడం లేదు, ఫికర్ చేయకు.

ఈసారి కాయలన్నింటినీ పండుఈగ కుట్టింది. ఏది కోసినా పురుగే. మందు కొట్టిద్దామంటే చెట్టు కింద పక్కింటి ఖైసర్ ఖాలా కోళ్లు తిరుగుతాయి. నలిపిన తులసాకులు, బెల్లం నీళ్లు సీసాలో పోసి కొమ్మకు కడితే ఈగలు అందులో పడతాయని చదివి, తులసికోట దగ్గరికి పోయాను. అత్తమ్మ అడ్డం నిలబడింది.

"మొక్కే తులసమ్మతోని ఈగలను చంపుతవా? అంతకంటే చెట్టు కొట్టేసుడు నయం!"

ఆ లొల్లి విని ఖాలా గోడ మీదుగా రైహాన్ కొమ్మలు అందించింది. తులసికి చెల్లెలి లాంటి మొక్క, దాదాపు అదే వాసన.

"ఇది తీస్కో బేటా. నా కోళ్లు బతకాలె, మీ చెట్టు గూడ బతకాలె."

సీసా నిండా ఈగలే బాపూ! నిన్న కోసిన కాయలో పురుగు లేదు. అత్తమ్మ మొదటి ముక్క ఖాలాకే పంపింది.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? తమ్ముడు ఇటు వచ్చేటప్పుడు వేపగింజలు పంపండి. బండల సందుల్లో గడ్డికి మాత్రం మరిగే గంజి పోస్తున్నాను, మాడిపోతోంది. నీ చెట్టూ నేనూ బాగున్నాం.

నీ బిడ్డ
శ్రీహిత

అంచున చోటుంది కాబట్టి ఇదొకటి. ఖాలా ఇచ్చిన రైహాన్ కొమ్మల్లో ఒకదాన్ని తులసికోట పక్కనే నాటితే చిగురించింది. మొన్న ఆకులు తెంపబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది: "శుక్రవారం పూట దాన్ని ముట్టుకోకు!"