కెంజీ గారి ఖాళీ

మార్చి 4
ఈ ఇంగ్లండ్ ఊరు స్లౌలో మళ్ళీ సన్నని వాన. పక్క ఫ్లాట్‌లో కెంజీ గారి దగ్గర బేస్ గిటార్ పాఠం. స్ట్రోక్ వచ్చినప్పటి నుంచీ ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో నిద్రపోయే పిల్లిలా ఉంటుంది. కుడిచేత్తో బల్ల మీద దరువు వేసి చూపిస్తారు. నా వేళ్ళు పరుగెడతాయి.
"అక్కడ వాయించకు. ఆగు. ఆ ఖాళీలోనే జనం కాలు కదుపుతారు."
ఆగాను. గది నీళ్ళ అడుగున ఉన్నట్టు ఊగింది.

మార్చి 11
పాఠం లేదు, కబుర్లే. ఒసాకాలో కుర్రతనంలో మొదలైన బ్యాండు, షియోకగె. ఉప్పు నీడ అని అర్థమట. బేస్ ఈయన, పాట ఎమికో, డ్రమ్స్ తోరు. మొదట్లో ఉత్త పంక్: అరుపులు, ఊపిరి తీసుకునేలోపు అయిపోయే పాటలు. తర్వాత ఫంక్ అనే డాన్సు సంగీతం తలకెక్కింది. పాట నడుము తిప్పడం నేర్చింది. పాత అభిమానులు స్టేజి మీదికి చెప్పులు విసిరారట. ఎమికో ఒక చెప్పు అందుకుని, దాంతోనే తాళం వేస్తూ పాడిందట. ముగ్గురూ ఇంగ్లండ్ టూర్‌కొచ్చి ఇక్కడే ఉండిపోయారు. చెబుతుంటే ఆయన చూపు కిటికీ దాటి... ఎటో.

మార్చి 15
ఎమికో ఫోన్. లీడ్స్ ఊళ్ళో షియోకగె షోకి కెంజీ గారి బదులు నేను బేస్ వాయించాలట. కెంజీయే నా పేరు చెప్పారట.
మా ఆయన రవికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఒక్క షోనే కదా?" అన్నాడు.

ఏప్రిల్ 5, లీడ్స్
చిన్న హాలు. ఎర్రటి వెలుతురు. జుట్టు నెరిసిన ఎమికో అరుస్తుంటే గోడలు మెత్తబడుతున్నాయి. ముందు వరసలో, చక్రాల కుర్చీలో కెంజీ గారు. మూడో పాటలో ఆ చోటు వచ్చింది — ఆగాను. హాలంతా ఒక్కసారి కదిలింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నవ్వో, ఏడుపో... తెలియలేదు.

ఏప్రిల్ 6
తిరుగు రైలు. పసుప్పచ్చని ఆవపూల చేలు, ఒకదాని వెనక ఒకటి. ఎదురు సీట్లో కెంజీ గారి కునుకు. ఎమికో నా వైపు వంగి, మెల్లగా —
"అక్టోబర్‌లో జపాన్. ఇదే ఆఖరి టూర్. నువ్వు రావాలి. తన బదులు నువ్వని కెంజీకి ఇంకా చెప్పలేదు."
ఆయన నిజంగా నిద్రపోతున్నారా?

ఏప్రిల్ 7
ఆఫీసులో నెలరోజుల సెలవు దొరకదు. ఉద్యోగం పోతే వీసా... "ఒక్క షో అనుకున్నాం కదా?" అని రవి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 8
పాఠం. కొత్త పాట కట్టారు, ఒసాకాలో వాయించడానికి. ఎడమ చూపుడువేలు కదిపి చూపించారు. కదిలింది, కొద్దిగా. "అక్టోబర్‌కి చెయ్యి వచ్చేస్తుంది. అందాకా ఈ పాట నీ దగ్గర ఉంచు."
తలూపాను.
సాయంత్రం ఎమికో మెసేజ్: టికెట్ తీసుకోనా?
ఫోను బోర్లా పెట్టాను. పాట వాయిస్తూనే ఉన్నాను. ఎంత బాగుందో... ఒసాకాలో దీన్ని నేనే వాయించాలని ఉంది.